పేటకంతటికీ ఒక్క రూపాయి

దివిసీమ నుంచి తిరిగొచ్చి పదిహేను రోజులైంది. మా స్కూలు స్టాఫ్‌రూములో అందరూ ఒకటే అడుగుతున్నారు, కృష్ణ నిండుగా పారే రోజుల్లో ఆ లంకలకి ఎవరైనా సరదాగా వెళ్తారా మాస్టారూ అని. వెళ్ళరు. నేనూ సరదాకి వెళ్ళలేదు. నాలుగు రోజుల ప్రయాణంలో గొడుగు పోయింది, ఒక చెప్పు పోయింది, జ్వరం తగిలింది. అవన్నీ చెబితే నవ్వుతూ విన్నారు. చెప్పకుండా మింగేసింది ఒకటి ఉంది. నోటితో చెప్పడానికి ధైర్యం చాలక కాగితం మీద పెడుతున్నాను.

నాకు పాత నాణేల పిచ్చి ఉందని గుడివాడలో చాలామందికి తెలుసు. నయాపైసలు వచ్చి రెండేళ్ళు దాటాక అది మరీ ముదిరింది. కాణీలు, దమ్మిడీలు జనం విసుక్కుని పారేస్తుంటే నేను ఏరుకుంటున్నాను. మా ఆవిడ వాటిని తుప్పు అంటుంది. అట్టపెట్టెలో దూది పరిచి, ఒక్కోదాని కింద చీటీ రాసి పెట్టుకున్నాను. చీటీ లేనివి నాలుగే నాలుగు. అవి మొదటివి. వాటి సంగతి చెబితే గానీ ఈ ప్రయాణం అర్థం కాదు.

మొదటి నాలుగు

మా నాన్నగారు పాస్టరు. నా చిన్నప్పుడు నాగాయలంక అవతల ఒక లంకలో పనిచేశారు. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి తిరిగేది. అంగట్లో చెల్లని నాణెం ఏదైనా ఉంటే ఆ సంచిలోకే వచ్చేది. కోమటి పట్టుకుంటాడు గానీ దేవుడు పట్టుకోడని వాళ్ళ ధైర్యం. నాన్నగారు అలాంటివి ఏరి, బదులు తన జేబులోది వేసి, చెల్లనివి నా చేతిలో పోసేవారు. ఆడుకుని పారేసినవి పోను మూడు మిగిలాయి. నది ఒడ్డున ఇసకలో ఎవరికో దొరికి సంచిలోకి వచ్చిన వలందుల, అంటే డచ్చివాళ్ళ రాగి బిళ్ళ ఒకటి, తక్కెడ బొమ్మ ఉన్న కుంపిణీ కాసు ఒకటి, సగానికి తెగిన వెండి బేడ ఒకటి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మూడూ నిక్కరు జేబులో గలగలలాడుతుంటే లంకలో నాకంటే శ్రీమంతుడు లేడని తిరిగేవాణ్ణి.

నాలుగోది రాణి బొమ్మ వెండి రూపాయి. అది సంచిలో రాలేదు.

మనవైపు మనిషి పోతే నుదుట రూపాయి పెట్టడం ఉంది కదా. ఆ లంకలో నాన్నగారి సంఘం ఉన్న పేటలో ముప్పై గడపలు ఉండేవి. అందరికీ కలిపి వెండి రూపాయి ఒక్కటే ఉండేది. ఎవరింట్లో చావు జరిగినా ఆ ఒక్క రూపాయే వెళ్ళేది. నుదుట అంటించి, మట్టి వేసేముందు తీసి, బూడిదతో తోమి, మళ్ళీ ఆ పేటలోనే యాకోబు అనే ఆయన ఇంట్లో దాచేవాళ్ళు. వాళ్ళు క్రైస్తవులై ఒక తరం దాటింది, అయినా అది మానలేదు. నాన్నగారికి కోపమొస్తుందని పసుపు మాత్రం మానేసి గంజితో అంటించేవారు. ఆ సర్దుబాటు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది.

నాన్నగారికి గంజి కూడా నచ్చలేదు. యాకోబు తల్లి పోయినప్పుడు, సమాధి దగ్గర అందరూ చూస్తుండగా, ఆవిడ నుదుటి మీంచి ఆ రూపాయి తీసి జేబులో వేసుకున్నారు. ఇది అన్యాచారం, ఈ అలవాటు పోయేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది అన్నారు. యాకోబు అప్పటికే నడివయసు మనిషి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాన్నగారు క్రూరుడు కాదు. జ్వరమొస్తే ఏ గుడిసెలోకైనా వంగి వెళ్ళి కూర్చునే మనిషి. కానీ పట్టుదల ఎక్కువ. కొన్ని నెలలకి గుడివాడ పక్కకి బదిలీ అయింది, తిరిగి ఇవ్వడం జరగలేదు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికితే నా మూడింటితో కలిపి పెట్టుకున్నాను. ఎవరిదో నాకు బాగా తెలుసు. తెలిసే పెట్టుకున్నాను.

గుడివాడ: ఎండుచేపల దగ్గర

శ్రావణంలో ఒక సంతరోజు ఎండు రొయ్యలు కొనడానికి వెళ్ళాను. శేరు ధర చెప్పకుండా గంప వెనకాల ఆవిడ నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"మీరు అయ్యగారి అబ్బాయి కదండీ? అదే నుదురు, అదే చిరచిర."

ఆవిడ పేరు దీనమ్మ. ఆ పేటలోనే పుట్టిన మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కుశలాలు అయ్యాక చెప్పింది.

"యాకోబు తాత మంచాన పడ్డాడండి. కళ్ళు ఎప్పుడో పోయినై. ఇప్పుడు ఒకటే మాట. బిళ్ళ, బిళ్ళ అంటాడు."

"ఏ బిళ్ళ?" అన్నాను, తెలియనట్టు.

"మా పేట బిళ్ళండి. అయ్యగారు అట్టుకెళ్ళింది. మా అమ్మని ఉత్త నుదుటితో పంపాను, నేనూ అట్టాగే పోతానేమో అని ఏడుస్తాడండి. అంత ముసలోడు ఏడుస్తుంటే చూళ్ళేం."

"ఇంకో రూపాయి పెట్టొచ్చు కదా దీనమ్మా?"

"ఆయన నాయన, ఆయన తమ్ముడు, ఇద్దరు బిడ్డలు, అందరూ ఆ బిళ్ళ పెట్టుకునే పోయారండి. వాళ్ళ దగ్గరికి వేరే బిళ్ళతో పోతే పరాయోడనుకుంటారంట. ముసలోడి మాట. మనమేం చెబుతాం?"

నీతో పంపిస్తాను తీసుకెళ్ళు అన్నాను. ఆవిడ గంప మీద గోనె లాగేసుకుంది. "శవాల బిళ్ళ చేపల గంపలో పెట్టుకెళ్ళమంటారా? నా యాపారం ఏమవ్వాలి? మీరే రండి. ఎక్కువ రోజులు లేవండి తాతకి" అంది. రొయ్యలు కొసరి వేసింది. ఆ కొసరుతో నన్ను కొనేసింది.

మర్నాడే సెలవు పెట్టి బయలుదేరాను. దూది మీంచి రూపాయి తీసేటప్పుడు చెయ్యి ఆగింది. నాలుగింట్లో ఒకటి పోతే మిగతా మూడూ అనాథల్లా కనిపించాయి. మనసు అప్పుడే వంకర తిరగడం మొదలుపెట్టిందని ఇప్పుడు అర్థమవుతోంది.

బందరు బండిలో

నాకు ఎదురుగా పెడన మనిషి కూర్చున్నాడు. అద్దకం పని. పది వేళ్ళూ నల్లగా ఉన్నాయి. బెల్లం, ఇనప ముక్కలు కుండలో మురగబెట్టి ఆ నలుపు తీస్తారట, కడుపులో పెట్టుకున్న బిడ్డలా ఆ కుండని చూసుకోవాలట. పులిహోర పొట్లం విప్పి సగం నాకు పెట్టాడు. వద్దంటే ఊరుకోలేదు.

ఏ పని మీద వెళ్తున్నారని అడిగితే చెప్పేశాను. రైల్లో మనిషికి ఏదైనా చెప్పొచ్చు, దిగిపోతాడు కదా.

"తిరిగి తెచ్చుకుంటారా?" అన్నాడు ఆశ్చర్యపోయి. "మాలో కాటికాపరి తీసుకుంటాడండి. వెనక్కి అడగడం ఉండదు."

"వాళ్ళకి ఉన్నది ఒక్కటే."

"అయితే మాత్రం! చచ్చినాయనకి ఇచ్చింది మళ్ళీ లాక్కున్నట్టు కాదూ?"

నాకు కోపం వచ్చింది. లాక్కున్నది వాళ్ళు కాదు, మేము. అది అతనితో అనలేదు. పెడనలో దిగుతూ అతను ఇంకో మాట అన్నాడు. "మంచి పని మీద వెళ్తున్నారు మాస్టారూ. త్వరగా వెళ్ళండి." ఆ "మంచి పని" అన్న మాట చిలకలపూడి దాటేదాకా చెవిలో ఉంది. తర్వాత బందరు వాసన తగిలింది, మర్చిపోయాను.

బందరు

బందరు అంటే నాకు ఎప్పుడూ దిగులే. ఒకప్పుడు ఓడలొచ్చిన ఊరు. ఇప్పుడు రేవు పూడిపోయి, సముద్రం దూరంగా జరిగి, గోడలు ఉప్పుకి పొట్టు రాలుతున్నాయి. సాయంత్రం వలందపాలెం వైపు వెళ్ళి ఆ డచ్చివాళ్ళ సమాధులు చూశాను. రాళ్ళ మీద పుర్రెలు, ఎముకలు, కోడిగుడ్డంత అక్షరాలు చెక్కారు. ఒక దాని మీద మేక పడుకుని నెమరేస్తోంది. వీళ్ళ రాగి బిళ్ళే కదా నా మొదటి నాణెం అనుకుంటే ఏదో చుట్టరికం కలిసినట్టయింది. పాపం, ఎక్కడివాళ్ళో, ఏ జ్వరానికో పోయారు.

హోటల్లో లడ్డు, కాఫీ తీసుకున్నాను. అణాల లెక్క చెప్పి నయాపైసల్లో పుచ్చుకునే ఊరు ఇది కూడా. అణాకి ఆరుంబాతిక నయాపైసలు కదా, ఆ పాతిక ఎప్పుడూ కొట్టువాడికే. లడ్డు మాత్రం అబద్ధం చెప్పలేదు. నోట్లో వేసుకుంటే నేతిలో కరిగిపోయింది.

మర్నాడు పొద్దున వెండి పనివాళ్ళ వీధిలోంచి వెళ్తున్నాను. బస్సుకి ఆ దారిలో వెళ్ళక్కర్లేదు. కాళ్ళు తీసుకెళ్ళాయని రాస్తే సులువు గానీ నేనే వెళ్ళాను. ఒక ముసలి కంసాలి ముందు చిన్న పళ్ళెంలో కరిగించడానికి పెట్టిన పాత రూపాయలు ఉన్నాయి. తులం లెక్కన అమ్ముతున్నాడు. ఒక్క రూపాయికి రెండు రూపాయల పావలా చెప్పాడు. రాణి బొమ్మవి ఆరు ఉన్నాయి. వాటిలో నా దగ్గరున్న సంవత్సరానిదే ఒకటి కనిపించింది. అచ్చు నిన్న పడ్డట్టుంది. కిరీటంలో రాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

నేను ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను. రూపాయికి రూపాయి. సంవత్సరం అదే, రాణి అదే. వాళ్ళది అరిగి బోసిపోయింది, నేనిచ్చేది కొత్తది. వాళ్ళకి నష్టమెక్కడ? నా మొదటిది నాకుంటుంది, ముసలాయన కోరికా తీరుతుంది. కళ్ళు కూడా లేవాయె.

పేట రూపాయికి ఒకప్పుడు ఎవరో గొలుసులోకి చెవి అతికించారు. అది ఊడిపోయి కిరీటం పైన అంచు మీద మచ్చ మిగిలింది. అసలుది చూపించి, కొన్నదాని మీద అలాంటి మచ్చే పెట్టమన్నాను.

కంసాలి ఆకురాయి చేతిలోకి తీసుకుని ఆగాడు. "ఇంత చక్కటి రూపాయికి గాయం ఎందుకండీ?"

"జత కోసం. మా పిల్లకి లోలాకులు" అన్నాను. నాకు ఆడపిల్లలు లేరు.

"జత అంటున్నారు, రెండూ ఒక్కలా లేవు కదండీ" అని ఏదో గొణిగి, నాలుగు రుద్దులు రుద్ది ఇచ్చాడు. అరిగిన రూపాయి కోసం పళ్ళెం వెతకాలన్న ఆలోచన నాకు రానేలేదు. నాణేలు పోగేసేవాడి చెయ్యి అరగని దాన్నే ఎంచుకుంటుంది. అసలుది లోపలి జేబులో, కొన్నది పైజేబులో వేసుకుని బస్సెక్కాను.

చల్లపల్లి దారి

బస్సులో నా పక్కన ఘంటసాల రైతు. ఒడిలో చిన్న మూట. కదిలినప్పుడల్లా బరువుగా చప్పుడవుతోంది. నాణేల చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఏమిటండీ అంటే విప్పి చూపించాడు. సీసపు బిళ్ళలు, మట్టి పట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఏనుగో గుర్రమో ఉంది. దుక్కిలో దొరుకుతాయట. నాగాయలంకలో జాలర్లు కొంటారట, కరిగించి వలకి గుళ్ళు పోసుకోవడానికి.

నేను గొంతు చించుకున్నాను. ఇవి రెండువేల ఏళ్ళ నాటివి, ఇలా కరిగించడం పాపం, మన పెద్దల గుర్తులు ఇలా చేపల పాలు చేస్తారా అని బస్సంతా వినేలా పాఠం చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"నిజమేనండి" అన్నాడు. "కానీ నీళ్ళలో వల మునగాలంటే బరువుండాలి కదండీ." ఒక బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. డబ్బిస్తే పుచ్చుకోలేదు.

పెద్దల గుర్తుల గురించి ఉపన్యాసం ఇచ్చిన నా పైజేబులో ఏముందో అతనికి తెలియదు. నాకు తెలుసు, అయినా ఆ నిమిషంలో గుర్తు రాలేదు. ఆ సీసపు బిళ్ళని చూసుకుంటూ మోపిదేవి దాటాను, పులిగడ్డలో కాలవని ఏటి మీంచి దాటించే అక్విడక్టు దాటాను. కింద కృష్ణ ఎర్రగా, చెట్ల కొమ్మలు తోసుకుంటూ పోతోంది. అవనిగడ్డలో దిగాక చూసుకుంటే గొడుగు బస్సులో ఉండిపోయింది. వాన అప్పుడే మొదలైంది.

తెలిసిన మాస్టారి ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి ఆగాను. ఆయన భార్య గోంగూర, ఎండు రొయ్యపొట్టు కలిపి వండింది. గుడివాడలో మేము గోంగూరలో కారం వేస్తాం, వీళ్ళు కారంలో గోంగూర వేస్తారు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ రెండుసార్లు వడ్డించుకున్నాను.

లంక

నాగాయలంక రేవులో పడవ ఎక్కేటప్పుడు బురద నా ఎడమ చెప్పుని మింగేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. పడవవాడు నవ్వాడు. రెండోది ఎందుకని అదీ ఇక్కడే వదిలెయ్యమన్నాడు. వదల్లేదు. ఒక్క చెప్పు చేత్తో పట్టుకుని లంకలో దిగాను.

ముప్పై గడపలు ఇప్పుడు పందొమ్మిది. ఒడ్డు కోసుకుపోయి కొన్ని, గాలివానకి కొన్ని పోయాయి. నాన్నగారు ప్రసంగం చెప్పిన ప్రార్థనశాల గోడలు మాత్రం ఉన్నాయి. పైకప్పు లేదు. లోపల ఎవరో గేదెని కట్టేశారు.

యాకోబు ఇంటి ముందు ఆయన భార్య శాంతమ్మ చేటలో చోళ్ళు చెరుగుతోంది. నేనెవరో చెప్పగానే చేట కింద పెట్టి లేచి, తల మీద కొంగు కప్పుకుని, లోపలికి పరుగెత్తింది. "వచ్చారయ్యో, అయ్యగారి కొడుకు వచ్చారు" అని ఆవిడ అరిచిన అరుపు ఇప్పటికీ వినిపిస్తోంది. చుట్టుపక్కల గుడిసెల్లోంచి జనం వచ్చి గుమ్మం నిండా మూగారు.

నా జ్ఞాపకంలో యాకోబు గునపంలాంటి మనిషి. మంచంలో ఉన్నది అతని ఎముకలు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. నా గొంతు వినగానే రెండు చేతులూ గాల్లోకి చాపాడు.

"తెచ్చారా బాబూ?"

"తెచ్చాను యాకోబూ" అన్నాను. పైజేబులోంచి తీసి అతని అరచేతిలో పెట్టాను.

అతను వేళ్ళతో అంచు తడిమాడు. మచ్చ తగిలింది. నా గుండె కొంచెం కుదుటపడింది. తర్వాత బొటనవేలితో రాణి మొహం మీద మెల్లగా, చాలాసేపు రుద్దాడు. అంతసేపు ఎందుకో అనుకున్నాను. ముసలివాళ్ళు, ఏదైనా అలాగే చేస్తారులే అనుకున్నాను.

"ఇంత దూరం తెచ్చారు. చాలండి" అన్నాడు చివరికి. "రేవులో చెప్పు పోయిందంట గదా?"

"పోయింది."

"ఆ బురద అట్టాగే లాగేస్తదండి. మీ నాయనగారిది కూడా ఓసారి లాగేసింది. మేమంతా కలిసి తీశాం." కొంచెం నవ్వాడు. దగ్గు వచ్చింది. నేను మంచినీళ్ళు తాగుతానని బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం శాంతమ్మ మట్టగిడసల పులుసు వండింది. చేపలు ఎవరింటినుంచో వచ్చాయి, బియ్యం ఇంకెవరింటినుంచో. వాళ్ళు అంబలి తాగి నాకు అన్నం పెట్టారు. అంత రుచి నేను ఎరగను. సిగ్గు లేకుండా తిన్నాను అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు మాత్రం, మంచి పని చేసి వచ్చినవాడిలాగే తిన్నాను.

మర్నాడు

వాన, గాలి. పడవ కట్టడం లేదన్నారు. బారెడు పొద్దెక్కిన వేళ యాకోబు పోయాడు. చెప్పుకోదగ్గ బాధ పడలేదు. అంబలి చెంచాతో పోస్తుంటే మింగడం మానేశాడు, అంతే.

పేటలో ఇప్పుడు పాస్టరు లేరు. నెలకోసారి అవతలి ఒడ్డునుంచి వస్తారట, ఈ గాలిలో రాలేరు. నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. అయ్యగారి కొడుకుని కదా. శాంతమ్మ గంజి వేలితో తీసి, భర్త నుదుట రాసి, రూపాయి అంటించింది. అది తళతళ మెరిసింది. ఆ మసి గుడిసెలో, ఆ ఎండిన మొహం మీద అదొక్కటే కొత్తది. నేను కీర్తన అందుకున్నాను. లోపలి జేబులో అసలు రూపాయి ఛాతీకి తగులుతూనే ఉంది. ఇప్పుడైనా తీసి మార్చొచ్చు, ఎవరూ తప్పు పట్టరు, ఒక్క మాట చాలు. రెండో చరణం అయింది, మూడో చరణం అయింది. నేను పాడుతూనే ఉన్నాను.

పెట్టె లేదు. చాపలో చుట్టి, మొహం మాత్రం వదిలి, వానలో మోసుకెళ్ళారు. గుంటలో నీళ్ళు ఊరుతుంటే ఇద్దరు తోడుతూనే ఉన్నారు. సాయంత్రమైంది. శాంతమ్మ వంగి రూపాయి తీసింది. మొహం మీద గుడ్డ కప్పారు. మట్టి వేశారు. తడి మట్టి పడే చప్పుడు పొడి మట్టిలా ఉండదు. అది వినలేకపోయాను.

అందరూ వెళ్ళాక ఆవిడ కాలవ గట్టున కూర్చుని బూడిదతో రూపాయి తోముతోంది. వాన తెరిపిచ్చింది. వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. లోపలి జేబులోది తీసి చూపించాను.

"శాంతమ్మా, ఇదీ మీ బిళ్ళ. నిన్న ఇచ్చింది బందరులో కొన్నది."

ఆవిడ తోమడం ఆపలేదు. "తెలుసండి" అంది.

ఎలా తెలుసన్నాను.

"మా రాణెమ్మకి ముక్కుండదు బాబూ. మనిషి పోయినప్పుడల్లా బూడిదేసి తోమీ తోమీ ఎప్పుడో పోయింది. నిన్న చేతిలో పెట్టగానే ఆయన బొటనేలు పెట్టి చూశాడు. ముక్కు తగిలింది. మీరు మంచినీళ్ళకని బయటికెళ్ళారా, అప్పుడు చెప్పాడు, ఇది మనది కాదే అని."

"మరి నన్ను అడగలేదేం?"

"నేను అడుగుతానన్నానండి. ఆయన వద్దన్నాడు. అయ్యగారి కొడుకు అంత బురదలో పడి వచ్చాడు, ఇప్పుడు అడిగితే మళ్ళీ తలెత్తి మన మొహం చూళ్ళేడు, ఊరుకో, అదే పెట్టు అన్నాడు."

తల్లిని ఉత్త నుదుటితో పంపానని ఏళ్ళ తరబడి ఏడ్చిన మనిషి. తనవాళ్ళు పరాయివాడనుకుంటారని భయపడిన మనిషి. నా సిగ్గు కాపాడటానికి ఆ భయంతోనే పోయాడు. నాన్నగారు నలుగురి ముందూ తీసుకున్నారు, తప్పో ఒప్పో నమ్మి తీసుకున్నారు. నేను నమ్మకం కూడా లేకుండా, దూది పరిచిన ఒక అట్టపెట్టె కోసం తీసుకున్నాను. అక్కడ కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. పని చేసుకుంటూ ఉంది.

"ఇప్పుడైనా పెడదాం శాంతమ్మా. మట్టి తీయిద్దాం" అన్నాను పిచ్చివాడిలా.

"మట్టేశాక తియ్యకూడదండి." చెయ్యి చాపింది. "ఇటివ్వండి."

ఇచ్చాను. బొటనవేలితో రాణి మొహం ఒకసారి తడిమి, కొంగున ముడి వేసుకుంది. "ఇది నాకుంటదండి. నేను పోయాక దీనమ్మ దాస్తది." తర్వాత తోమిన రూపాయిని నీళ్ళలో కడిగి, చీర చెంగుతో తుడిచి, నా వైపు పెట్టింది.

"నాకొద్దు" అన్నాను. "కాలవలో పారెయ్యండి."

"తప్పు బాబూ. నిన్నటిదాకా ఇది కొట్లో రూపాయి. ఇయ్యాళ పొద్దున్నించీ మా ఆయన నుదుటి మీద ఉంది." నా వేళ్ళు విప్పి లోపల పెట్టి మూసింది. "అమ్మమాకండి. పెట్టెలో పెట్టమాకండి. ఎవరికన్నా కావలసొస్తే ఇవ్వండి."

మర్నాడు పడవ కట్టారు. గుడివాడ చేరేసరికి జ్వరం. మా ఆవిడ జేబులు వెతికి సీసపు బిళ్ళనీ రూపాయినీ అట్టపెట్టెలో వేయబోతే రూపాయి లాక్కున్నాను. వంటింటి గూట్లో పెట్టాను.

మొన్న మా వీధి చివర రిక్షా తొక్కే మనిషి పోయాడు. వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాను. నుదుట ఏమీ లేదు. నా మతం వాళ్ళకి తెలుసు, ఏమనుకుంటారోనని అక్కడే తచ్చాడాను. చివరికి అతని భార్యని పక్కకి పిలిచి, రూపాయి ఉందమ్మా, కాటికాపరికి నేను వేరే ఇస్తాను, ఇది మాత్రం వెనక్కి కావాలి అని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి తీసుకుంది. సాయంత్రం అతని బావమరిది తెచ్చి ఇచ్చాడు. పొయ్యిలోంచి బూడిద తీసుకుని, నూతి దగ్గర కూర్చుని తోమాను.